ఓడకపోతే చాలు

కన్నతల్లి పోతే సగం దారి దాకా వచ్చి, అక్కణ్ణుంచే వెనక్కి తిరిగిపోయిన పిల్ల సాయిదుర్గ. ఇందులో వాదించడానికేమీ లేదు. హైదరాబాదులో విమానం దిగింది, రాజమండ్రి విమానం ఎక్కలేదు, వచ్చిన దారినే పోయింది. చిన్నదినానికి రాలేదు, పెద్దదినానికి రాలేదు, ఆ తరవాత ఈ ఏడాదిలో ఒక్కసారైనా గడప తొక్కలేదు. ఎవరు ఆ పిల్ల పేరెత్తినా భీమరాజు ముందు ఈ మాట పడేస్తాడు, దాంతో అవతలివాళ్లకు ఇంక నోరు పెగలదు. పెళ్లాం ఉన్నప్పుడే అతను తక్కువ మాటల మనిషి, ఆమె పోయాక ఆ తక్కువలోనూ సగం పోయాయి, మిగిలిన నాలుగు మాటల్లో ఇదొకటి. నరసాపురం రేవులో, ఆటుకు నీళ్లు తీసి బురద బయటపడ్డ మెట్ల మీద, కాళ్ల దగ్గర సంచీ పెట్టుకుని కూర్చున్నాడు. సంచీలో ఆకుపచ్చ చీర, ఇత్తడి చెంబు, తమలపాకులు, కొబ్బరికాయలు. తలుపులమ్మ సంవత్సరీకం ఈ వారంలోనే. ఎదురుగా వశిష్ఠ, దాని అవతల సఖినేటిపల్లి, అక్కణ్ణుంచి ఆటో పట్టుకుంటే అంతర్వేది పల్లిపాలెం, ఇల్లు. పోటు ఎక్కితే గానీ రేవు దాటించే పంటు రాదట. మోటారు సైకిళ్లవాళ్లు, లేసు మూటలవాళ్లు, చంటిపిల్లల తల్లులు, అందరూ అవతలి ఒడ్డున బల్లపరుపుగా కనబడుతున్న ఆ పంటు కేసే కళ్లు చికిలించి చూస్తున్నారు. పక్కన కూర్చున్న బావమరిది వీరబాబు మాత్రం నది వంక చూడటం లేదు. అతని చేతిలో ఫోను, ఫోనులో పచ్చిక, పచ్చిక మీద చీమలంతేసి ఆడపిల్లలు, ఆ చీమల్లో అన్నిటికంటే వెనక, గోల్ వల ముందు ఒంటరిగా నిలబడ్డది సాయిదుర్గ.

"డ్రా చాలు బావా," అన్నాడు వీరబాబు, ఎవరూ అడక్కుండానే. "గెలవక్కర్లేదు. ఓడకపోతే చాలు, ఆసియా కప్పుకి మనమే."

ఆ లెక్క భీమరాజుకూ కంఠతా వచ్చేసింది, వారం రోజులుగా ఇంట్లో ఇదే పాట. గ్రూపులో నాలుగు దేశాలు, పైకి పోయేది ఒక్కటే. రెండు దేశాలు అప్పుడే పెట్టే సర్దుకున్నాయి. మిగిలింది మనవాళ్లూ, ఇదిగో ఈ ఎర్ర చొక్కాలవాళ్లూ. ఇద్దరూ ఆడినవన్నీ గెలిచారు, కాకపోతే మనవాళ్లు కొట్టిన గోల్సు ఎక్కువ, అందుకని ఈ ఆట సమానంగా ముగిసినా మనదే పైచేయి. ఆ ఎర్ర చొక్కాల దేశం పేరేమిటో వీరబాబు చెబుతూనే ఉన్నాడు, భీమరాజు చెవిన పెట్టలేదు. అతని లెక్క వేరు. ఓడితే పిల్లలందరినీ ఎవరిళ్లకు వాళ్లను పంపేస్తారు, సంవత్సరీకం నాటికి సాయిదుర్గ ఇంట్లో ఉంటుంది. ఓడకపోతే అక్కణ్ణుంచి నేరుగా శిబిరానికి తోలుకుపోతారు, అమావాస్య దాకా వదలరు. పంతులుగారు కూడా అదే అడిగాడు, అమ్మాయి వస్తోందా, తిథికి కుదరకపోతే అమావాస్య నాడు పెట్టుకోవచ్చు భీమరాజూ, శాస్త్రం ఒప్పుకుంటుంది అని. ఎవరి కోసమూ ఆగేది లేదండి అన్నాడు భీమరాజు. ఆగేది లేదు, కానీ రావాలి. తనంతట తాను, గతిలేక, ఓడిపోయి, ఆ గడపలోకి రావాలి. వస్తే ఏం చేస్తాడు? ఎదురుగా కూర్చోబెట్టి అడుగుతాడు. సగం దారి వచ్చినదానివి, మిగతా సగం నీకేం బరువైందే అని. ఏడాదిగా ఆ ప్రశ్న నోట్లో నానుతోంది. అందుకే పొద్దున్న పాలెం చివర గంగమ్మ దగ్గర చెప్పులు విప్పి, ఎవరూ లేకుండా చూసి, ఒక మొక్కు మొక్కుకున్నాడు. అమ్మా, వాళ్లను ఓడించు, నీకు కొబ్బరికాయ ఇచ్చుకుంటాను. దేశం ఓడిపోవాలని మొక్కిన మనిషి గంగమ్మకు ఇంతకుముందెప్పుడూ తగిలి ఉండడు. దేశమంతా గెలుపు కోరుకుంటోంది అంటాడు వీరబాబు. దేశం సంగతేమో గానీ ఈ రేవులో ఆ వీరబాబు ఒక్కడే కోరుకుంటున్నాడు, మిగతావాళ్లంతా పంటును కోరుకుంటున్నారు.

ఫోనులో ఆ పిల్ల మొహం దగ్గరకొచ్చింది, అరచెయ్యంత. జుట్టు నెత్తికి అతుక్కుపోయేలా వెనక్కి లాగి కట్టింది, నుదుటి మీద నీళ్లు. అక్కడ వాన. ఇక్కడ రోళ్లు పగిలే ఎండ, అక్కడ వాన, ఒకే ఆకాశం ఇలా ఎలా ఉంటుందో. చేతి తొడుగు పట్టీ వదులైనట్టుంది, పళ్లతో పట్టుకుని లాగి బిగించింది, మెడ ఒక పక్కకు వాల్చి. భీమరాజు చూపు తిప్పేసుకున్నాడు. తిప్పేసుకున్నా ఆ మెడ వాలు కంటిలోనే ఉంది. తలుపులమ్మ లేసు అల్లేటప్పుడు దారాన్ని అలాగే కొరికేది. ఎడం చూపుడువేలికి దారం చుట్టుకుని, కుడిచేతిలో సూదిని గింగిరాలు తిప్పుతూ, పువ్వు పూర్తయ్యాక మెడ వాల్చి పళ్లతో పుటుక్కున. కత్తెర ఉంది కదే, పళ్లు అరిగిపోతాయి అంటే, నా పళ్లు నాయిష్టం, నీ వలకి పనికొస్తాయా ఏంటి అనేది. ఎన్ని లేసు పువ్వులో, ఏ దేశాల్లో ఎవరి బల్లల మీద పరుచుకున్నాయో, ఒక్కటీ ఇంట్లో మిగల్లేదు. ఆ వేలి మీద దారం కోసిన గీత మాత్రం చివరిదాకా ఉంది. చాప మీద పడుకోబెట్టినప్పుడు కూడా చూశాడు. వేలు చల్లబడిపోయింది, గీత అలాగే ఉంది. వద్దు. అటు పోకూడదు. నది కేసి చూశాడు. నీళ్లు పైకి రావడం మొదలైంది, బురద మీద పీతలు బొరియల్లోకి దూరుతున్నాయి.

మోకు పట్టుకోవడంతో వచ్చింది ఇదంతా. వేట నుంచి పడవ ఒడ్డుకు చేరేటప్పుడు మోకు విసిరితే అందుకునే మనిషి ఉండాలి. అందరి పిల్లలూ ఒడ్డున ఇసకలో నిలబడితే ఇది నడుం లోతు నీళ్లలో నిలబడేది. తడిసి బరువెక్కిన తాడు గాల్లో పాములా మెలికలు తిరుగుతూ వస్తే, ఎక్కడ పడుతుందో ముందే తెలిసినట్టు రెండు చేతులూ చాపి గుండెకు అదుముకునేది, ఒక్కసారి జారవిడిచింది లేదు. భీమరాజు గారి మోకు ఆడపిల్ల పట్టుద్దంట అని వెనకాల నవ్వినవాళ్లు ఉన్నారు, వాళ్ల మోకు నీళ్లలో పడిపోయి పడవ వెనక్కి పోయినప్పుడు అతనూ నవ్వాడు. హైస్కూలు డ్రిల్లు మేస్టారు సామ్యేలు ఒకరోజు సముద్రం చూడ్డానికి వచ్చి, సముద్రం మానేసి ఆ పిల్లనే చూసి, సాయంత్రం ఇంటికొచ్చాడు. ఆడపిల్లకి బంతాటేంటండి మేస్టారూ, ఎవడైనా తంతాడు అన్నాడు భీమరాజు. తన్నక్కర్లేదండి, తన్నింది పట్టుకుంటే చాలు అన్నాడు మేస్టారు. తలుపులమ్మ తలుపు చాటు నుంచి, పంపిద్దాం అంది. అంతే. ఆ ఒక్క మాటతో పిల్ల హాస్టలుకి పోయింది, హాస్టలు నుంచి శిబిరానికి పోయింది, శిబిరం నుంచి విమానాలెక్కింది, ఇంటి దారి సగానికి తగ్గిపోయింది. పంపిద్దాం అన్న మనిషి కూడా పోయింది. మిగిలినవాడు రేవులో కూర్చున్నాడు.

"హాఫ్ టైమ్ బావా. సున్నా సున్నా." వీరబాబు లేచి నడుం విరుచుకున్నాడు. "నలభై ఐదు నిమిషాలు ఇలాగే గడిచిపోతే చాలు. సోడా తాగుతావా?"

"వద్దు."

"పిల్ల రెండు పట్టింది, చూశావా? ఆ రెండోది, అబ్బా."

"చూళ్లేదు."

చూశాడు. నది కేసి తిరిగి ఉన్నా కంటి కొనతో చూశాడు. బంతి మూలకు పోతుంటే అది ఒళ్లంతా సాచి పక్కకు పడి, వేళ్ల చివర్లతో తోసేసింది. పడ్డప్పుడు భుజం నేలకు తగిలింది. చిన్నప్పుడు అదే భుజం, పడవ అంచుకు కొట్టుకుని వాచిపోతే తలుపులమ్మ ఉప్పు కాపడం పెట్టింది. అది ఆ భుజమేనా, రెండోదా? ఇప్పుడు నొప్పిగా ఉంటుందా? ఉంటే ఉండనీ. నొప్పి ఎవరికి లేదు.

పంటు వచ్చింది. ఇనప తలుపు మెట్ల మీదకు దభీమని దిగింది, దిగేవాళ్లు దిగకముందే ఎక్కేవాళ్లు ఎక్కారు, మోటారు సైకిళ్ల పొగ, డీజిలు వాసన, చంటిపిల్ల ఏడుపు. భీమరాజు సంచీ గుండెలకు హత్తుకుని రెయిలింగు పక్కన నిలబడ్డాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నీళ్ల మీద బతికినవాడికి ఈ పంటు ఎప్పుడూ మనసుకు పట్టదు, ఇది తేలేది కాదు ఈడ్చుకునేది. మొత్తానికి కదిలింది. పక్కనే లేసు మూట మీద కూర్చున్న ఒకావిడ, ఉషారాణి అట, ఎక్కిన క్షణం నుంచి పంటు వాడితో టిక్కెట్టు దగ్గర తగువు పెట్టుకుని, అది తీరగానే వీరబాబు ఫోనులోకి తల పెట్టింది.

"ఏంటండీ అది, క్రికెట్టా?"

"ఫుట్‌బాలండి. ఆడవాళ్లది. మన ఇండియా."

"మన ఆడపిల్లలే! ఆ నిక్కర్లేసుకుని? గెలుస్తున్నారా ఏంటి?"

ఆవిడ అడుగుతుండగానే వీరబాబు ఎగిరి గంతేశాడు. గోల్. మనది. ఎవరు కొట్టారో ఎలా కొట్టారో తెలియదు, పంటు మీద సగంమంది ఫోను చుట్టూ మూగారు, తెలియనివాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. ఒకటి సున్నా. భీమరాజు సంచీని ఇంకాస్త హత్తుకున్నాడు. అమావాస్య. ఇంక రాదు. అరటాకులో తలుపులమ్మకు పిండం పెడుతుంటే పక్కన వీరబాబు, పాలెం పెద్ద పెద్దిరాజు బాబాయి, ఇద్దరు ముసలమ్మలు, అంతే. కాకులు. గంగమ్మకు వినపడలేదన్నమాట. వినపడినా ఆవిడా ఆడదే కదా. నీళ్లు పంటు పక్కలకు కొట్టుకుని తుళ్లుతున్నాయి, మొహం మీద పడ్డాయి, తుడుచుకోలేదు. ఇంతలో పంటు మీద మళ్లీ గోల, ఈసారి వేరే రకం గోల. ఎర్ర చొక్కా పిల్ల ఎవరో దూరం నుంచి ఊరికే కొట్టింది, బంతి తడి పచ్చిక మీద ముందు పడి జర్రున జారింది, సాయిదుర్గ ఛాతీ కింద నుంచి, రెండు చేతుల మధ్య నుంచి వెళ్లిపోయింది. ఒకటి ఒకటి.

"అయ్యయ్యో! చేతులకి నూనె రాసుకుందా ఏంటండీ ఆ పిల్ల!" ఉషారాణి నెత్తి కొట్టుకుంది. "మా కోడల్ని నిలబెట్టినా పట్టేసేది! మా కోడలు గిన్నె కూడా పట్టుకోలేదండి!"

అందరూ పగలబడి నవ్వారు. మొక్కు ఫలించడం మొదలైంది. భీమరాజు సంతోషించాలి. ఇంకొక్కటి పడితే చాలు.

"అక్కడ వాన," అన్నాడు.

గొంతు తనదేనా అని తనకే అనుమానం వచ్చింది. అందరూ తిరిగి చూశారు.

"తడి బంతి అది. ఓ తడి మోకు విసురుతాను, పట్టుకుని చూడండి, తెలుస్తాది. ఒడ్డున కూర్చుని ఎవరైనా అంటారు."

"బాగానే ఉంది సంబడం! ఆ పిల్ల మీకేం అవుద్దని అంత పొడుచుకొచ్చిందండీ?"

వీరబాబు ఆగలేకపోయాడు. "కూతురండి. మా అక్క కూతురు. అంతర్వేది పల్లిపాలెం."

పంటు మీద ఒక్కసారి గాలి మారింది. మన పల్లిపాలెమా, ఏదీ ఏదీ అని మోటారు సైకిళ్ల మీదవాళ్లు కూడా దిగొచ్చారు. ఎవరో భీమరాజుకు చోటిచ్చారు, ఎవరో నీళ్ల సీసా ఇవ్వబోయారు. ఉషారాణి చెంపలు వేసుకుంది. "తప్పయిపోయింది అన్నయ్యగారూ. నా నోరే అంత. ఏదీ, ఇంకోసారి చూపించు బాబూ, మహాలక్ష్మిలా ఉంది పిల్ల." అతనికి ఒంటి మీద గొంగళిపురుగు పాకినట్టుంది. ఇంతమంది మధ్య ఆ పిల్లకు తండ్రిగా నిలబడి ఎన్నాళ్లైంది? ఏడాదిగా ఆ పేరు తన నోట ఒకే వాక్యంలో వచ్చింది. రెయిలింగు గట్టిగా పట్టుకున్నాడు. ఎర్ర చొక్కాలవాళ్లు ఇప్పుడు కెరటాల్లా వచ్చిపడుతున్నారు, వాళ్లకు గెలుపే కావాలి, మనవాళ్లంతా వెనక్కి వచ్చి గుంపుగా నిలబడ్డారు, ఒకరికొకరు అడ్డం. ఇంకో పది నిమిషాలు బావా, ఇంకో ఎనిమిది బావా, అని వీరబాబు పక్కన జపం. అప్పుడు ఈల మోగింది. ఈల ఊదిన రిఫరీ ఆవిడ చెయ్యి చాపి తెల్ల చుక్క కేసి చూపించింది. మన పిల్లెవరో కాలు అడ్డం పెట్టిందట. పెనాల్టీ.

వీరబాబు ఫోనును రెండు చేతులతో పట్టుకున్నాడు. "ఇది పడితే అయిపోయాం బావా. ఓడిపోతాం. ఇంటికే."

ఇంటికే. ఎర్ర చొక్కా పిల్ల బంతిని రెండు చేతులతో చుక్క మీద పెట్టింది. సాయిదుర్గ గీత మీదకు వచ్చి నిలబడింది, వెనకాల తెల్ల వల, ఆ వలలో వాన చుక్కలు. బొమ్మ అక్కడ ఆగిపోయింది. ఫోను మధ్యలో చిన్న సున్నా గుండ్రంగా తిరుగుతోంది. పంటు సరిగ్గా నది నడుమ ఉంది, ఇక్కడ ఎప్పుడూ సిగ్నల్ ఉండదు. వీరబాబు ఫోనును ఆకాశం కేసి ఎత్తాడు, దులిపాడు, తిట్టాడు. అందరూ ఆ సున్నా కేసే చూస్తున్నారు. ఇంజను చప్పుడు ఒక్కటే. ఆ నిశ్శబ్దం ఉషారాణికి పడదు.

"తల్లి చూస్తోందా అన్నయ్యగారూ ఇంట్లో, టీవీలో?"

"పోయింది. ఈ వారంలో సంవత్సరీకం."

"అయ్యో రామ. అమ్మాయి వస్తోందా మరి?"

చేత్తో తీసి ఇచ్చినట్టు ఆ వాక్యం వచ్చేసింది. "తల్లి పోతేనే సగం దారి దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయిన పిల్ల అది."

ఎప్పటిలాగే మాట అక్కడ ఆగిపోవాలి. ఆవిడ మూతి బిగించుకుంది, ఆగిపోయింది కూడా. కానీ వీరబాబు ఫోను దించాడు. ఏడాదిగా ఈ వాక్యం విన్నప్పుడల్లా నేల చూపులు చూసే మనిషి, ఇప్పుడు బావ మొహంలోకి చూశాడు.

"ఎందుకు తిరిగిపోయిందో కూడా చెప్పు బావా."

"ఏంట్రా?"

"చీకటి పడేసరికి వచ్చేసేది పిల్ల. నువ్వు అక్కని మిట్ట మధ్యాన్నమే ఎత్తించేశావు. హైదరాబాదు నుంచి ఫోన్ చేస్తే ఎత్తేశాం అన్నావు. ఇంక ఎవరి మొహం చూడ్డానికి రావాలి అది?"

"పడవలు ఆగిపోయాయిరా, ఐసు కరిగిపోయింది." భీమరాజు నీళ్ల కేసి తిరిగాడు. "పాలెం అంతా ఎండుకుపోయి ఉంది. నా ఇంటి శవం కోసం..."

వేట నిషేధం ఎత్తేసిన రోజు అది. రెండు నెలలు పొయ్యిలు సరిగ్గా వెలగని పాలెం. ముందు రోజు రాత్రే పడవలకు పసుపు రాశారు, బొట్లు పెట్టారు, వలలు ఎక్కించారు, ఐసు దిమ్మలు నింపారు. తెల్లవారుతూండగా తలుపులమ్మ గుండె పట్టుకుని కూర్చుంది, మళ్లీ లేవలేదు. పాలెంలో శవం ఉంటే పడవ కదలదు. ఇది ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. అతను పొద్దెక్కాక అరుగు మీదకు వచ్చి చూశాడు. మగాళ్లంతా పడవల నీడన వరసగా కూర్చున్నారు, ఒక్కరూ ఇటు చూడటం లేదు. పడవ పక్కన ఇసక మీద ఐసు దిమ్మలు, ఎండకు కరిగి, నీళ్లు కాలవ కట్టి పోతున్నాయి. ఆ నీళ్లు చూశాడు. చూడలేకపోయాడు. మూడు గుడిసెల అవతల వాళ్ల పిల్లలు ఆ ఐసు ముక్కలు ఏరుకుని చప్పరిస్తున్నారు. వాళ్ల తిండి అలా కరిగిపోతుంటే, మా పిల్ల వస్తోంది ఆగండి అని ఏ నోటితో అనడం? మెట్లు దిగి వెళ్లి, ఎత్తేయండి అన్నాడు. పెద్దిరాజు తల ఎత్తి ఒక చూపు చూశాడు, ఏదో అనబోయాడు, అనలేదు.

"ఆ ఐసు ఊరికే కరిగిపోలేదు బావా," అన్నాడు వీరబాబు. "మేమే దించేశాం. పెద్దిరాజు బాబాయే దించేయమన్నాడు. తల్లి మొహం చూసుకోవాలి పిల్ల, అది వచ్చాకే కదులుదాం, ఇవాళ్టికి వేట లేదు అన్నాడు. అందరం సరే అన్నాం. దించి కూర్చున్నాం. నువ్వొచ్చి ఎత్తేయండి అన్నావు. ఇంటాయన మాట మీద ఇంకో మాట ఎవరంటారు?"

నది ఏమీ మారలేదు. అదే రంగు, అదే ఎండ. దించేశారు. ఆగడానికి దించిన ఐసును చూసి, ఆగలేకపోతున్నారు అనుకున్నాడు. వాళ్లు అతని బాధ చూసి మాట్లాడలేదు, అతను వాళ్ల బాధ చూసి అడగలేదు. నాన్నా, నేనొచ్చేదాకా ఉంచుతారు కదా అంది ఫోనులో. వెనకాల మైకులో ఎవరో ఏ విమానమో ఎక్కమని పిలుస్తున్నారు. ఎత్తేశాం అన్నాడు. తరవాత మాట లేదు, ఆ మైకు చప్పుడు ఒక్కటే చాలాసేపు వినిపించింది. ఆ మైకు పిలిచింది రాజమండ్రి విమానానికేనా? తలుపులమ్మ వేలి మీద గీత. ఆ వేలు పట్టుకోకుండా ఉండిపోయింది పిల్ల. పంటు కింద నీళ్లు గుండ్రంగా తిరుగుతున్నాయి, ఇక్కడ లోతెక్కువ. ఇలాంటి నీళ్లే, ఇంతకంటే ముదురు రంగు, మొగ దగ్గర. నది సముద్రంలో కలిసే చోట. ఆడపిల్ల పడవ ఎక్కకూడదని పాలెం అంతా మొత్తుకున్నా, ఒక్కసారి, ఒక్కసారే నాన్నా అని కాళ్లకు చుట్టుకుంటే ఎక్కించుకున్నాడు. ముందు చెక్క మీద మోకాళ్లు కావలించుకుని కూర్చుంది. మొగలో కెరటాలు ఒకదాని మీద ఒకటి గోడల్లా లేస్తున్నాయి. పోదాం నాన్నా, పోదాం నాన్నా అని గోల. ఆగు. దాని మీదకు మనం పోకూడదు. తొందరపడి తల పెట్టామా, పడవ తిరగబడుద్ది. అది ఎటు విరుగుద్దో అదే చెప్పుద్ది, చెప్పేదాకా ఆగు. కళ్లు మూసుకోకుండా ఆగు. భయమేస్తే? వేసినా ఆగు. ఆ పిల్ల కళ్లు ఇంతలేసి చేసుకుని కెరటాన్నే చూస్తూ కూర్చుంది, అది విరిగేదాకా. ఆగడం నేర్పింది తను. ఆ రోజు ఆగనిది...

గంగమ్మా, అనుకున్నాడు. పొద్దున్న నేనన్నది వినకు. అమ్మా, అది పట్టించుకోకు. ముసలాడి నోరు.

ఫోనులో బొమ్మ ఒక్కసారి ఉలిక్కిపడ్డట్టు కదిలింది. ఎర్ర చొక్కా పిల్ల అప్పటికే పరుగు అందుకుంది. సాయిదుర్గ కదల్లేదు. కొట్టే పిల్ల పరుగు నడుమ అడుగు తడబడ్డట్టు నటించింది, కుడికి భుజం వంచింది, ఎడమకు చూసింది. సాయిదుర్గ కదల్లేదు. దూకవే, ఏదో ఒక పక్కకి దూకు అని వీరబాబు అరుస్తున్నాడు. "ఆగు," అన్నాడు భీమరాజు, పైకే. "ఆగు." కాలు బంతికి తగిలాకే ఆ ఒళ్లు కదిలింది. ఎడం పక్కకు, నేలబారున, రెండు చేతులూ చాపి. బంతి అరచేతులకు కొట్టుకుని ఎగిరి, మళ్లీ కింద పడబోతుంటే, మీద పడి గుండెకు అదుముకుంది, మోకు అదుముకున్నట్టే. ముడుచుకుని అలాగే ఉండిపోయింది, మొహం పచ్చికలో. మిగతా పిల్లలంతా దాని మీద పడ్డారు.

పంటు ఒక పక్కకు ఒరిగిందేమో అన్నంత గోల. ఉషారాణి ఎవరి చెయ్యో పట్టుకుని ఊపేస్తోంది. వీరబాబు ఏడుస్తున్నాడు. మిగిలిన నిమిషాలు ఎలా గడిచాయో ఎవరికీ తెలియదు, ఆఖరి ఈల మోగింది, ఒకటి ఒకటి, ఓడలేదు, చాలు. నేరుగా శిబిరానికి. అమావాస్య దాకా రాదు. ఫోనులో అందరూ గంతులేస్తుంటే అది మాత్రం ఒక పక్కన నిలబడి, మెడ వాల్చి, పళ్లతో చేతి తొడుగు పట్టీ ఊడదీస్తోంది. భీమరాజు ఈసారి చూపు తిప్పుకోలేదు. బొమ్మ మారిపోయేదాకా చూశాడు. తరవాత వంగి, సంచీలోంచి ఒక కొబ్బరికాయ తీసి, రెయిలింగు మీదుగా నీళ్లలో వదిలాడు. కాయ మునిగి, తేలి, పోటుతో పాటు ఎగువకు పోయింది.

"అదేంటి బావా? సంవత్సరీకానికి కొన్నది కదా."

"పంతులుగారికి ఫోన్ చెయ్యి. అమావాస్య నాడు పెడదామని చెప్పు."

వీరబాబు కళ్లు తుడుచుకుంటూ ఆగిపోయాడు. "తిథి దాటిపోద్ది బావా."

"దాటనీ."

సఖినేటిపల్లి రేవు దగ్గరకొస్తోంది, ఆటోల హారన్లు వినపడుతున్నాయి. వీరబాబు కాసేపు ఫోనును చేతిలో అటూ ఇటూ తిప్పాడు. "మరి పిల్లకి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా? ఆ రోజు ఐసు సంగతి కూడా చెప్పేస్తే..."

"అమావాస్య అని చెప్పు. తన కోసం ఆగామని చెప్పు. అంతే." భీమరాజు సంచీ భుజాన వేసుకున్నాడు. "ఐసు గురించి గానీ, సగం దారి గురించి గానీ, ఆ రోజు గురించి గానీ నా దగ్గర ఇంకెప్పుడూ ఎత్తకు. నేనూ ఎత్తను."